ఆరు నీలి స్క్రూలు

ఇరవై రెండేళ్లు నన్ను ఒక సందేహం వదలకుండా పట్టుకుంది. 1961 జూన్‌లో ఏమోస్ ఫెలోస్ కారు డాష్‌బోర్డుకు నా చేత్తో బిగించిన ఆరు స్క్రూలు ఆ కారువేనా, లేక నేను చేసినవా?

ఇదీ ఒక సందేహమేనా అని బయటివాళ్లకు అనిపించవచ్చు. డార్లస్టన్‌లో ఎవరికీ అనిపించదు. నట్లూ బోల్టులూ చేసుకుని బతికిన ఇంగ్లండు ఊరు మాది. మా నాన్న బోల్టు తలలు కొట్టేవాడు. అమ్మ వాషర్లు ఏరి డబ్బాల్లో పోసేది. నేను ముప్పై ఏళ్లు స్క్రూ తలల మీద గాడి కోసే మిషను దగ్గర నిలబడ్డాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక, ఇంటి వెనక షెడ్డులో పాత కార్లవాళ్లకు స్క్రూలు చేసిపెట్టేవాణ్ణి. పాత కారును మొదటి రోజు ఎలా ఉండేదో అలా నిలబెట్టాలనుకునేవాళ్లకు ఇంజను దొరుకుతుంది, సీటు తోలు దొరుకుతుంది, వెతికితే దీపాల అద్దాలు కూడా దొరుకుతాయి. స్క్రూలే దొరకవు. దొరికినవి తుప్పు పట్టి ఉంటాయి, కొత్తవి కొంటే తల ఆకారం కలవదు, ఆకారం కలిస్తే రంగు కలవదు.

ఏమోస్‌ది 1926 నాటి కెల్‌బ్రూక్. పై కప్పు మడిచే రకం, ముదురు ఆకుపచ్చ. ఆ కంపెనీవాళ్లు డాష్‌బోర్డు చెక్కకు ఆరు ఉక్కు స్క్రూలు బిగించేవాళ్లు. వాటికి పూత ఉండదు, రంగు ఉండదు. ఉక్కును కాల్చి తెచ్చిన నీలం, అంతే. ఏమోస్ ఆ కారును మొదటి యజమాని భార్య దగ్గర కొన్నాడు. పదకొండేళ్లు దాన్ని తుడిచి, సరిచేసి, పాత కార్ల క్లబ్బు పోటీకి సిద్ధం చేశాడు. నాకంటే పదిహేడేళ్లు పెద్దవాడు. ఫ్యాక్టరీలో నాకు పని నేర్పినవాడు, మా చాపెల్ ప్రార్థనల్లో ముందు వరసలో కూర్చునేవాడు.

ఆ జూన్‌లో ష్రూస్‌బరీ నుంచి ఒకతను అచ్చం అలాంటివే ఆరు కావాలని రాశాడు. నమూనా కోసం ఏమోస్‌ను అడిగాను.

"పోటీ శనివారంరా రూబెన్. గురువారానికల్లా తెచ్చివ్వాలి."

"గురువారమే ఇస్తాను."

"ఏ గురువారమో కూడా చెప్పు. నీ సంగతి నాకు తెలుసు."

ఆరూ విప్పి నా చేతిలో పోశాడు. వాటిని చూసి ఆరు కొత్తవి చేశాను. పాతవాటి నీలం అక్కడక్కడ చెదిరి ఉంది. అతనికి ఇచ్చేముందు వాటికి కూడా మెరుగు పెడదామనిపించింది. తప్పు అక్కడే జరిగింది. పాత ఆరూ, కొత్త ఆరూ ఒకే ఇసక పళ్లెంలో పెట్టి ఒకేసారి కాల్చాను. నూనెలో ముంచి తీసి గుడ్డ మీద పరిస్తే పన్నెండూ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి.

భూతద్దం పెట్టి గాడి అడుగు చూస్తే తెలిసిపోయేది. ఫ్యాక్టరీలో స్క్రూ ఒక చక్రం అంచున కూర్చుని, రంపం కిందుగా తిరిగి వెళ్తుంది. అందుకని గాడి అడుగు మధ్యలో వెంట్రుకవాసి ఉబ్బి ఉంటుంది. నేను షెడ్డులో చేతి రంపంతో కోస్తాను. నా గాడి అడుగు చదును. కానీ అప్పటికే గురువారం దాటింది, శుక్రవారం సాయంత్రమైంది. ఏమోస్ మా గుమ్మంలో నిలబడి, "ఏమోయ్, వండుతున్నావా వాటిని?" అంటున్నాడు. ఇటువైపు ఆరు తీసుకుని వెళ్లి బిగించాను. అటువైపు ఆరు ఖాళీ కోకో డబ్బాలో వేశాను. ష్రూస్‌బరీ మనిషి ఆ తర్వాత జవాబే రాయలేదు.

శనివారం మైదానంలో లియోనల్ గార్బెట్ న్యాయనిర్ణేత. అప్పటికి నలభై దాటలేదు, మెడలో వెండి గొలుసుకు భూతద్దం. డాష్‌బోర్డు మీదికి వంగి చాలాసేపు చూశాడు. తరవాత లేచి, అందరికీ వినిపించేలా అన్నాడు.

"ఇవి ఫ్యాక్టరీవి కావు. దొడ్లో షెడ్డులో చేసినవి."

"కారుతో వచ్చినవేనండి," అన్నాడు ఏమోస్.

"అయితే నువ్వు అబద్ధమాడుతున్నావు."

ఏమోస్ నా వైపు చూశాడు. నేను జనాన్ని ఆపే తాడుకు ఇవతల, మూడు అడుగుల దూరంలో ఉన్నాను. నా నోరు పెగల్లేదు. ఏమోస్ మళ్లీ గార్బెట్ వైపు తిరిగి, "కారుతో వచ్చినవే," అని రెండోసారి అన్నాడు. నా పేరు ఎత్తలేదు.

క్లబ్బు అతని పేరు కొట్టేసింది. పుస్తకంలో ఎదురుగా 'మోసం' అని రాశారు. ఏడాది తిరక్కుండా ఏమోస్ కారు అమ్మేశాడు. కొన్నది వుల్వర్‌హాంప్టన్ మనిషి అనుకున్నాం. అతను గార్బెట్ బావమరిదని, కారు నేరుగా గార్బెట్ కొట్టంలోకి వెళ్లిందని తరవాత తెలిసింది.

ఏమోస్ మా షెడ్డుకు మళ్లీ రాలేదు. చాపెల్‌లో కనిపిస్తే "బాగున్నావా బ్రదర్" అనేవాడు, అంతే. స్క్రూలు తిరిగివ్వమని ఒక్కసారీ అడగలేదు. కోకో డబ్బా మూతకు నల్ల టేపు చుట్టి అలమార పైఅరలో పెట్టాను. తెరిస్తే నిమిషంలో తేలిపోయే సందేహం. తెరవలేదు. దాని బదులు గార్బెట్‌ను ద్వేషించాను. అది తేలిక, మనసుకు ఊరట కూడా. పరలోక ప్రార్థనలో క్షమించే మాట వచ్చే చోట నాకు దగ్గు వచ్చేది. ఇరవై రెండేళ్లు ప్రతి ఆదివారం అక్కడే వచ్చేది. నా భార్య హిల్డా మందు కూడా ఇవ్వడం మానేసింది.

ఈలోగా గార్బెట్ పెద్దవాడయ్యాడు. స్క్రూ గాడిని చూసి మోసం పట్టినవాడని పేరొచ్చింది. న్యాయనిర్ణేతల కోసం చిన్న పుస్తకం రాశాడు. గాడి అడుగును భూతద్దంతో చూడడానికి క్లబ్బులో 'గార్బెట్ పరీక్ష' అని పేరు పెట్టారు.

మొన్న మార్చిలో అతను మా గుమ్మం ముందు కారు దిగాడు.

"ట్రాంటర్ అంటే నువ్వేనా? నీలం పని నీ అంత బాగా చేసేవాడు ఈ చుట్టుపక్కల లేడట."

"అంటారండి."

"మనం ఎక్కడైనా కలిశామా?"

"డార్లస్టన్‌లో అందరి మొహాలూ ఒకటేనండి."

నవ్వి లోపలికి వచ్చాడు. జేబులోంచి ఒక స్క్రూ తీసి బల్ల మీద పెట్టాడు. ప్లస్ గుర్తు గాడి ఉన్న కొత్త రకం. వెనకటి యజమాని వేసిన చెత్త తీసి పారేసి, తాత్కాలికంగా ఇలాంటివి ఆరు బిగించానని చెప్పాడు. 1926 కెల్‌బ్రూక్‌కు ప్లస్ గాడి స్క్రూలు పెట్టడమంటే మా రాతి చాపెల్‌కు ప్లాస్టిక్ తలుపు పెట్టినట్టే. ఇరవై ఏళ్లు ఆ కారును అలాగే ఉంచుకున్నాడు.

"న్యాయనిర్ణయం మానేశాను," అన్నాడు. "ఈ జూలైలో నా కారే పోటీకి పెడుతున్నాను. అసలైనవి ఎక్కడా దొరకడం లేదు. నువ్వు ఆరు చెయ్యి. కాస్త పాతబడ్డట్టు కనిపించాలి."

"కొత్తగా చేసినవని పోటీ కార్డు మీద రాస్తారు కదండీ? మీ పుస్తకంలో అలాగే ఉంది."

"పాత స్టాకులో దొరికాయని నువ్వనాలి, నేనూ అంటాను. ఎవరు చూడొచ్చారు?"

పక్క బల్ల మీద ఉన్న, నేను అంతకుముందు చేసిన స్క్రూ ఒకటి అతని చేతికిచ్చాను. దాన్ని చేయి చాపినంత దూరంలో పట్టుకుని చూశాడు, తరవాత ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు. చివరికి బొటనవేలితో తల నిమిరాడు.

"నీ బల్బు వెలుగు చాలడం లేదు," అన్నాడు.

ఆ బల్బు కింద నేను పేపర్లో అతి సన్న అక్షరాలు చదువుతాను. గార్బెట్ కళ్లు పోతున్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోవడం లేదు. మెడలో వెండి గొలుసు ఇంకా ఉంది, భూతద్దం మాత్రం చొక్కా లోపలే ఉండిపోయింది.

"చేస్తానండి," అన్నాను.

అతను వెళ్లాక హిల్డా టీ తెచ్చింది. నా మొహం చూసి కప్పు దూరంగా పెట్టింది.

"ఆయనేనా?"

"ఆయనే."

"పని ఒప్పుకున్నావా?"

"ఒప్పుకున్నాను."

"ఎందుకు ఒప్పుకున్నావో నాకు చెప్పొద్దు, రూబెన్. ఆదివారం నీ పక్కన కూర్చోవాల్సింది నేను."

నేను వేసుకున్న పథకం చిన్నదే. తల ఆకారం, మర చుట్లు, నీలం రంగు, అన్నీ ఫ్యాక్టరీవాటితో సరిపోయేలా చేస్తాను. గాడి అడుగు మాత్రం చదునుగా వదిలేస్తాను. నిజానికి వంపు ఆకురాయితో రెండు రుద్దులు రుద్దితే ఉబ్బు తెప్పించవచ్చు. నిజాయితీగా అడిగిన ఖాతాదారులకు అలాగే చేసిపెడతాను. గార్బెట్‌కు చెయ్యను. అతని కళ్లకు అది ఆనదు. అతను తయారుచేసిన న్యాయనిర్ణేత, అతను రాసిన పుస్తకం పట్టుకుని, అతని పేరు పెట్టిన పరీక్షతో, అదే కారు మీద, అందరి ఎదుటా అతన్ని పట్టుకోవాలి. అప్పుడు నేను తాడుకు ఇవతల నిలబడి ఉండాలి. ఈసారి నోరు తెరవాలి.

మూడు వారాలు ఆ ఆరు స్క్రూల మీద పనిచేశాను. అంత శ్రద్ధగా నేను చేసిన పని ఇంకొకటి లేదు. లేత్ మీద తలలు తిప్పాను. సన్న ఎమరీ కాగితంతో, ఆ తరవాత నూనెలో తడిపిన మెత్తటి పొడితో, చివరికి ఉన్ని గుడ్డతో రుద్దాను. వేలు తగిలితే మచ్చ పడుతుంది కాబట్టి పట్టకారుతోనే ఎత్తాను. ఇసక పళ్లెం కింద గ్యాసు వెలిగించాను.

కాల్చేటప్పుడు ఉక్కు మొదట గడ్డి రంగుకు వస్తుంది. తరవాత గోధుమ, తరవాత వంగపండు, ఆ వెంటనే నీలం. నీలం రెండు ఊపిరుల సేపే నిలుస్తుంది. దాటితే బూడిద. గడియారం చూసుకుంటూ చేస్తే తప్పిపోతుంది. ఏమోస్ నాకు నేర్పిన పద్ధతి వేరు. గోధుమ రంగు రాగానే ఒక కీర్తన మొదలుపెట్టాలి, మరీ నెమ్మదిగా కాకుండా. మూడో చరణం ముగిసేసరికి పట్టకారు దించాలి. ఆ పాట ఎన్ని వందలసార్లు పాడానో లెక్కలేదు.

గార్బెట్ స్క్రూలకు ఆ పాట నోట రాలేదు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు లెక్కపెట్టి తీశాను. నీలం బాగానే వచ్చింది. దేవుడు ఈ పనికి అడ్డం పడదలచుకుంటే ఇక్కడే బూడిద చేసి ఉండేవాడు కదా అనుకున్నాను. చెయ్యలేదంటే ఒప్పుకున్నట్టా, చూస్తూ ఊరుకున్నట్టా? అది నాకు ఇప్పటికీ తెలియదు.

ఇవ్వాల్సిన రోజు మధ్యాహ్నం హిల్డా షెడ్డులోకి వచ్చింది. బేకన్ వేసి ఉడికించిన బఠానీల గిన్నె బల్ల మీద పెట్టి, అలమార పైఅర వైపు చూసింది.

"ఆ డబ్బా తెరిచావా?"

"లేదు."

"గాడి పట్టుకుని ఒక మనిషిని ఉరి తియ్యబోతున్నావు. నీ గాడి నువ్వు చూసుకోవా?"

"ఉరి ఏంటి, హిల్డా. స్క్రూలు."

"ఏమోస్‌కీ స్క్రూలే."

ఆమె వెళ్లాక డబ్బా దించాను. టేపు ఎండిపోయి, పట్టుకుంటే పెచ్చులుగా ఊడింది. ఆరూ అలాగే ఉన్నాయి, నీలం ఏమీ మారలేదు. మొదటిది భూతద్దం కింద పెట్టాను. గాడి అడుగు మధ్యలో ఉబ్బు. రెండోదానికీ ఉబ్బే. ఆరోదాని దాకా చూశాను. నేను ముప్పై ఏళ్లు నిలబడ్డ మిషను లాంటిదాని మీద కోసిన గాడులు అవి.

డబ్బాలో ఉన్నవి ఏమోస్‌వి. కారుకు బిగించినవి నావి. గార్బెట్ ఆ రోజు చూసి చెప్పింది నిజం.

బఠానీలు చల్లారిపోయాయి. ఆ ఆరూ గార్బెట్ చేతిలో పెట్టి, "ఇవే అసలైనవి, తీసుకోండి," అనవచ్చు. కారు కారుగా నిలబడుతుంది, అతనికి పోటీలో కప్పు వస్తుంది. క్రైస్తవుడు చెయ్యాల్సింది బహుశా అదే. కానీ ఆ మైదానంలో అతను అన్నది స్క్రూల గురించి ఒక్కటే కాదు. ఏమోస్ లాంటి మనిషిని అబద్ధాలకోరు అన్నాడు. అని, ఆ కారునే దొంగదారిన కొనుక్కున్నాడు. ఇప్పుడు అదే అబద్ధం తను ఆడబోతున్నాడు. ఇవన్నీ కారణాలుగా చెప్పుకున్నాను. అసలు సంగతేమిటంటే, ఇరవై రెండేళ్లు ఆకలితో ఉన్నవాడి ముందుకు విస్తరి వచ్చింది. లేవలేకపోయాను.

చదును గాడివే కాగితంలో పొట్లం కట్టాను. గార్బెట్ వచ్చి ఆరూ బొటనవేలితో నిమిరాడు.

"అద్భుతం," అన్నాడు. "వీటిని ఫ్యాక్టరీవి కాదనేవాడు పుట్టలేదు."

"పుడతాడేమోనండి," అన్నాను. అతను నవ్వాడు.

జూలైలో పోటీ ఎలర్బీ హాల్ మైదానంలో జరిగింది. ఎండ బాగా కాసింది. టీ డేరా ముందు జనం వరస కట్టారు. నేను ఆదివారపు కోటు వేసుకుని వెళ్లాను. కోకో డబ్బా లోపలి జేబులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పుడు అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి.

కెల్‌బ్రూక్ వరసలో మూడోది. గార్బెట్ దాని పక్కన గడ్డి టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. న్యాయనిర్ణేత మిస్ కెండ్రిక్, ముప్పై ఏళ్ల మనిషి. అతని దగ్గరే ఆరేళ్లు నేర్చుకుంది. చేతిలో అతని పుస్తకం, జేబులో భూతద్దం. ఇంజను చూసింది, చక్రాలు చూసింది, తోలు మీద చేయి వేసి చూసింది. అన్నిటికీ తల ఊపింది. తరవాత డాష్‌బోర్డు మీదికి వంగింది.

నేను తాడు పట్టుకున్నాను.

మొదటి స్క్రూ దగ్గర ఆగింది. రెండోదాని దగ్గర ఆగింది. ఆరూ చూసి, మళ్లీ మొదటిదానికి వచ్చింది.

"గార్బెట్ గారూ, ఈ ఆరూ ఎక్కడివండి?"

"ఫ్యాక్టరీవమ్మా. పాత స్టాకు. విప్పని పొట్లంలో దొరికాయి."

"పొట్లం దాచారా?"

"చిరిగిపోతే పారేశాం."

"గాడి అడుగు చదునుగా ఉందండి."

"ఇంకోసారి చూడు."

"రెండుసార్లు చూశాను. ఒక్కదాన్ని చూసి ఆగొద్దని మీరే కదా నేర్పారు."

"నీ అద్దం తుడుచుకో."

"మీ అద్దంతో మీరే చూడండి, పోనీ."

ఆమె గౌరవంగానే అంది. గార్బెట్ చేయి గొలుసు దాకా వెళ్లి ఆగిపోయింది. చూసినా తనకు కనపడదని అతనికి తెలుసు. అతను తల తిప్పి జనంలో వెతికాడు. నేను ఒక అడుగు ముందుకు వేశాను, కనపడాలని.

"ట్రాంటర్. ఇవి ఎక్కడివో ఈ అమ్మాయికి చెప్పు."

ఆ మాటలు నా నోట్లో ఇరవై రెండేళ్లుగా ఉన్నాయి.

"దొడ్లో షెడ్డులో చేసినవి," అన్నాను.

అందరికీ వినిపించేలా అన్నాను. వెనక ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. గార్బెట్ మెడ దగ్గర మొదలైన ఎరుపు టోపీ అంచు దాకా పాకింది. ఉక్కు రంగు మారేటప్పుడు చూసినట్టు, గోధుమ, తరవాత వంగపండు, ఒక్కో రంగూ చూస్తూ నిలబడ్డాను.

"నన్ను మోసం చేశావు."

"మీరు అడిగిందే చేశానండి. చేసి, పాతవని చెప్పమన్నారు. ఆ రెండో పని మీరే చేసుకున్నారు."

మిస్ కెండ్రిక్ కలం తీసింది. గార్బెట్ ఆమెను చూడలేదు. నన్నే చూస్తున్నాడు, కళ్లు చికిలించి, నా మొహం చుట్టూ వెతుకుతున్నట్టు. అతని మెదడులో లోపం లేదు.

"అరవై ఒకటిలో," అన్నాడు నెమ్మదిగా. "ఫెలోస్ కారు. చదును గాడులు. అవి కూడా నీవే."

కాదు అనవచ్చు. ఇంకెవరి దగ్గరా సాక్ష్యం లేదు. సాక్ష్యం నా కోటు జేబులో ఉంది, దాని సంగతి హిల్డాకు తప్ప ఎవరికీ తెలియదు. కాదంటే నా పగ పూర్తిగా తీరుతుంది. కానీ క్లబ్బు పుస్తకంలో ఏమోస్ పేరు ఎదురుగా ఆ మాట అలాగే ఉండిపోతుంది. ఏమోస్ ఆ రోజు నా వైపు చూసిన చూపు ఎదురుగా వచ్చి నిలబడింది.

"నావే," అన్నాను. "నమూనాకని అడిగి తీసుకుని, కలిపేసి, నావి బిగించాను. ఏమోస్‌కు చెప్పలేదు. మీరు అతన్ని అబద్ధమాడుతున్నావన్నప్పుడు ఇలాగే తాడు దగ్గర నిలబడి ఉన్నాను. అప్పుడూ చెప్పలేదు."

"అయితే నేను సరిగ్గానే చూశాను." అతని గొంతులో సంతోషం లాంటిది వినిపించింది.

"స్క్రూలు సరిగ్గానే చూశారండి. ఏమోస్ అబద్ధం ఆడలేదు. ఇవాళ మీరు ఆడారు."

మిస్ కెండ్రిక్ మార్కుల కాగితం వెనక్కి తిప్పి, నేను ఒప్పుకున్నది దాని మీదే రాసివ్వమంది. రాశాను. నా చేతిరాత ఫ్యాక్టరీ రాత, పెద్ద అక్షరాలు. ఏమోస్ పేరు ఎదురుగా ఉన్న మాట కమిటీ కొట్టేస్తుందని, కొట్టేయించే పూచీ తనదని ఆమె చెప్పింది. తరవాత గార్బెట్ కార్డు మీద అడ్డంగా గీత గీసి పక్క కారు దగ్గరికి వెళ్లింది.

జనం చెదిరిపోయారు. గార్బెట్ కారు తలుపు తీయబోయాడు. పిడి కోసం అతని చేయి రెండుసార్లు గాల్లో వెతికింది. నేను చూశాను. జాలి కలుగుతుందేమోనని ఎదురుచూశాను. కలగలేదు. ఆ తరవాతి ఆదివారం దీని గురించి ప్రార్థించాను, అయినా కలగలేదు. ఉన్నదే రాస్తున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఇంటికి పోకుండా నేరుగా ఏమోస్ ఇంటికి వెళ్లాను. ఎనభై ఒక్క ఏళ్లు అతనికి. పెరటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని ఎండకు కాళ్లు చాపుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"కూర్చో, ఏమోస్."

"కోటు వేసుకొచ్చావు. ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. ఎలర్బీ హాల్ నుంచి వస్తున్నాను."

అంతా చెప్పాను. గార్బెట్ మా షెడ్డుకు రావడం దగ్గర్నుంచి కాగితం మీద రాసివ్వడం దాకా. నా పాపం చెప్పే చోట తల వంచుకున్నాను. అతను చివర అడిగాడు.

"ఎర్రబడ్డాడా?"

"బీట్‌రూట్‌లా."

"మెడ దగ్గర్నుంచా?"

"మెడ దగ్గర్నుంచే. టోపీ దాకా."

ఏమోస్ కళ్లు మూసుకున్నాడు. "ఆ ముక్క మళ్లీ చెప్పు. నెమ్మదిగా చెప్పు. ఆ అమ్మాయి అద్దం తియ్యడం దగ్గర్నుంచి."

మళ్లీ చెప్పాను. చాపెల్‌లో ముందు వరసలో కూర్చునే మనిషి, పెదాల మీద టీ చుక్క నాకినట్టు నాలుక ఆడించుకుంటూ విన్నాడు. ఇలా ఆనందించడం తప్పేమో బ్రదర్ అన్నాను. తప్పే అన్నాడు, రేపు ఒప్పుకుందాంలే అన్నాడు.

"అవి నావని నీకు తెలుసా, ఏమోస్?"

"ఆ రోజే తెలిసింది. గార్బెట్ వెళ్లాక ఎండలో చూశాను కదా. నీ నీలం ఫ్యాక్టరీ నీలం కంటే పిసరంత మేలు. పాతవాటికి ఆ రంగు పెట్టింది నువ్వే, సరే. కానీ గాడి లోపలి నీలం కూడా కొత్తగా మెరిసింది. పాతదాని గాడి లోపల అంత శుభ్రంగా ఎవడు తుడుస్తాడు?"

"మరి నా పేరు చెప్పలేదేం?"

"నువ్వే చెబుతావని చూశాను."

"ఇరవై రెండేళ్లా?"

"నాకు వేరే పనేముంది? కారు కూడా లేదాయె."

కోటు లోపలి జేబులోంచి కోకో డబ్బా తీసి అతని ఒళ్లో పెట్టాను. మూత తీయడానికి అతని వేళ్లకు కాస్త సమయం పట్టింది. సాయం చేయబోతే నా చేయి పక్కకు నెట్టాడు.

"గురువారం అన్నావు కదరా."

"ఇవాళ శనివారం."

"రెండు రోజులు ఆలస్యం." స్క్రూలు ఒక్కొక్కటే తీసి, గోరుతో గాడి లోపల తడిమి, పక్కనున్న టీ సాసరులో వేశాడు. ఒక్కోటి పడ్డప్పుడు చిన్న చప్పుడు. చివరిది వేసి, "ఆరు," అన్నాడు. ఖాళీ డబ్బాకు మూత పెట్టి నాకు తిరిగి ఇచ్చాడు.